పాదాల దగ్గర మొదలుపెట్టండి: బస్తర్ సంత సరుకుతో ఒత్తిడికి ఇంటి చిట్కాలు

బైలాడీలా అంటే ఎద్దు మూపురం. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో దంతేవాడ దాటాక ఆకాశానికి ఆనుకుని కనిపించే ఆ కొండల కింద బచేలీ, కిరందుల్ ఊళ్ళున్నాయి. 1968 నుంచి ఇక్కడ ఇనుప ఖనిజం తవ్వుతున్నారు. విశాఖపట్నం నుంచి అరకు, కోరాపుట్, జగదల్‌పూర్ మీదుగా వచ్చే రైలు దిగి ఇక్కడే కాపురాలు పెట్టిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మాదీ అలాంటి ఇల్లే, షిఫ్టు డ్యూటీల ఇల్లు. ఒక వారం పగలు నిద్ర, ఇంకో వారం రాత్రి నిద్ర. చిన్న మాటకే విసుగు, మెడ దగ్గర బిగుతు, అలసిపోయి పడుకున్నా మూతపడని కళ్ళు. దీన్ని ఒత్తిడి అంటారని తెలియడానికే మాకు చాలా రోజులు పట్టింది.

నగరాల్లో ఆయుర్వేదం పేరు చెప్పి ఒత్తిడికి వేల రూపాయల చికిత్సలు అమ్ముతున్నారు. కానీ ప్రాచీన ఆయుర్వేద గ్రంథాలు రాసిన చరకుడూ వాగ్భటుడూ ముందు చెప్పింది దినచర్య. నూనె, నీళ్ళు, వేళకు తిండి, నిద్ర. ఈ నాలుగింటికీ కావలసిన సరుకు బస్తర్‌లో ఏ వారపు సంతకు వెళ్ళినా చాపల మీద కుప్పలు పోసి ఉంటుంది. భోపాలపట్నం, కోంటా వైపు సంతల్లో తెలుగులోనే అడగొచ్చు. గీదం, జగదల్‌పూర్ వైపు అయితే ఇక్కడి పేర్లు తెలియాలి. ఇప్పనూనెను టోరా తేల్ అంటారు. రాగులు మండియా, పాలగుండ తిఖుర్, సారపప్పు చిరౌంజీ, కరక్కాయ హర్రా, తానికాయ బహేడా. గుగ్గిలాన్ని ధూప్ అంటే చాలు, ఇస్తారు.

1. రాత్రి పడుకునే ముందు పాదాలకు నూనె రాయండి.

ఈ చిట్కాలన్నిటిలో ఒక్కటే చేయగలిగితే ఇదే చేయండి. రోజూ ఒంటికి నూనె రాసుకోవాలని, తలకూ చెవులకూ పాదాలకూ మరీ ముఖ్యంగా రాయాలని వాగ్భటుడి అష్టాంగ హృదయం దినచర్యాధ్యాయం చెబుతుంది. ఆ మూడింటిలోనూ పాదాలది సులువు. తల తడవక్కరలేదు, జలుబు భయం లేదు, పది నిమిషాల పని.

నువ్వుల నూనె శ్రేష్ఠం. అది లేకపోతే ఇప్పనూనె. ఇప్పగింజల నుంచి గానుగాడిన ఈ నూనె చలికాలంలో నెయ్యిలా గడ్డకడుతుంది. అలా గడ్డకట్టిందని పాడైపోయిందనుకోకండి. నూనె గిన్నెను వేడినీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించండి, పొయ్యి మీద నేరుగా పెట్టొద్దు. పాదాలు కడిగి, వేళ్ళ సందులు కూడా పొడిగా తుడిచి, ఒక్కో పాదానికి అర చెంచా నూనె తీసుకోండి. బొటనవేలితో మడమ నుంచి వేళ్ళ వైపు నొక్కుతూ రాయాలి. అరికాలి మధ్య గుంటలో కాసేపు ఆగండి. ఒక్కో వేలినీ మెల్లగా లాగి వదలండి. పాదానికి ఐదు నిమిషాలు చాలు.

వీలైతే ఒకరికొకరు రాసుకోండి. రోజంతా మాట్లాడుకోవడానికి వేళ కుదరని ఇంట్లో ఆ పది నిమిషాలు మాటకు కూడా పనికొస్తాయి. రాశాక పాత మేజోళ్ళు వేసుకోండి. టైల్స్ మీద నూనె కాళ్ళతో నడిస్తే జారిపడతారు, పెద్దవాళ్ళున్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం. షుగర్ ఉన్నవాళ్ళకు పాదాల్లో స్పర్శ తగ్గి ఉండొచ్చు. వాళ్ళకు నూనె వేడి రాసేవాళ్ళే తమ మణికట్టు మీద చూడాలి. పుండు గానీ వేళ్ళ మధ్య పగులు గానీ ఉంటే అక్కడ నూనె తగలనివ్వకండి. ఒక కాలు మాత్రమే వాచి నొప్పిగా ఉంటే అసలు రుద్దొద్దు, డాక్టరుకు చూపించండి.

2. వారానికో తలంటు తప్పనివ్వకండి.

మన అమ్మమ్మలకు శనివారం తలంటు అంటే పండగతో సమానం. అభ్యంగనం అనే పెద్ద మాట వాళ్ళు దీపావళి పొద్దున మాత్రమే వాడేవాళ్ళు, పని మాత్రం వారం వారం చేసేవాళ్ళు. గోరువెచ్చని నువ్వుల నూనె ముందు నడినెత్తిన, తర్వాత చెవుల వెనక, మెడ, భుజాలు, వెన్ను. చేతులకూ కాళ్ళకూ పొడుగ్గా, కీళ్ళ దగ్గర గుండ్రంగా రాయాలి. పొట్ట మీద గడియారం ముల్లు తిరిగే వైపే చెయ్యి తిరగాలి. అరగంట ఆగి సున్నిపిండితో ఒళ్ళు, కుంకుడు రసంతో తల.

స్నానం నీళ్ళలో గుప్పెడు వావిలాకు వేసి కాయండి. బాలింతలకు మన ఇళ్ళల్లో పోసే నీళ్ళే ఇవి. గనిలో రోజంతా బండి కుదుపుల మధ్య కూర్చుని వచ్చినవాళ్ళ నడుముకు ఈ నీళ్ళు ఎంత హాయో పోసుకుంటేనే తెలుస్తుంది. బస్తర్‌లో వాగుల గట్లన్నీ వావిలి పొదలే. ఇక్కడ నిర్గుండీ అంటే చూపిస్తారు.

జ్వరం ఉన్నా, జలుబు పట్టినా, తిన్నది అరగకపోయినా ఆ వారం తలంటు మానేయండి. కడుపునిండా తిన్న వెంటనే కూడా వద్దు. ఇవి గ్రంథాల్లో ఉన్న నిషేధాలే.

3. శిరోధార ఇంట్లో వద్దు, పిచువు చేసుకోండి.

నుదుటి మీద సన్నని ధారగా నూనె పడుతూ ఉండే చికిత్స ఇప్పుడు బాగా ప్రసిద్ధం. చూసి ముచ్చటపడి ఇంట్లో కుండకు చిల్లు పెట్టి ప్రయత్నించేవాళ్ళున్నారు. ధార ఎత్తు, నూనె వేడి, ఎంతసేపు, ఎన్ని రోజులు అన్నవి మనిషిని బట్టి వైద్యుడు నిర్ణయించాలి. కంట్లో పడినా, చల్లారిపోయినా మేలుకు బదులు కీడు.

వాగ్భటుడు తలకు నూనె పెట్టే పద్ధతులు నాలుగు చెప్పాడు. మర్దన, ధార, పిచువు, వస్తి. ఒకదానికంటే ఒకటి బలమైనది. మొదటిది మన తలంటే. మూడోదైన పిచువుకు కావలసింది అరచేతి వెడల్పు దూది, రెండు చెంచాల నూనె. దూదిని గోరువెచ్చని నూనెలో ముంచి కారకుండా పిండి, నడినెత్తిన పెట్టి గుడ్డతో కట్టండి. చీకటి గదిలో ఇరవై నిమిషాలు కళ్ళు మూసుకుని పడుకోండి. తర్వాత తీసేసి తల తుడుచుకోండి. మా ఇంట్లో నైట్ షిఫ్టు వారాల్లో ఇది రెండుసార్లయినా జరుగుతుంది.

ధారే కావాలనుకుంటే ప్రభుత్వ ఆయుర్వేద కళాశాలల ఆస్పత్రులకు వెళ్ళండి. జగదల్‌పూర్ వాళ్ళకు రాయ్‌పూర్, భోపాలపట్నం వాళ్ళకు గోదావరి దాటితే వరంగల్, కోంటా వాళ్ళకు విజయవాడ. పెద్ద బోర్డు చూసి కాదు, లోపల అర్హత ఉన్న వైద్యుడున్నాడో లేదో అడిగి వెళ్ళండి.

4. రాత్రి మేలుకున్నవాళ్ళు పొద్దున తినకముందే పడుకోండి.

షిఫ్టు మనిషి కోసమే రాశాడా అనిపించే మాట వాగ్భటుడి దగ్గర ఒకటుంది. రాత్రి ఎంతసేపు జాగరణ చేస్తే మర్నాడు పొద్దున భోజనానికి ముందు అందులో సగంసేపు నిద్రపోవాలన్నాడు. మన ఇళ్ళల్లో జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. డ్యూటీ దిగి రాగానే వేడివేడి పూరీలు, పైన టీ, ఆ తర్వాత పడక. కడుపులో బరువు, గొంతులో పులుపు, మధ్యాహ్నం ఎండకు మెలకువ.

రాగానే కాళ్ళూ చేతులూ కడుక్కుని, ఆకలి మరీ ఎక్కువగా ఉంటే ఒక గ్లాసు పలచని జావ తాగి పడుకోండి. కిటికీకి మందపాటి దుప్పటి కట్టండి. ఆ మూడు నాలుగు గంటల నిద్ర అయ్యాక లేచి భోంచేయండి. నెలల తరబడి రాత్రి డ్యూటీ చేసేవాళ్ళకు సగం నిద్ర సరిపోదు. వాళ్ళు భోజనం అయ్యాక కొంత విరామమిచ్చి మళ్ళీ ఓ కునుకు తీసి లెక్క పూర్తి చేసుకోవాలి. ఇంట్లోవాళ్ళకో మాట. ఆ వేళ మిక్సీ వేయకపోవడం, ప్రెషర్ కుక్కర్ పెట్టకపోవడం కూడా చికిత్సే.

5. పొద్దున టిఫినుకు బదులు పేజ్.

బస్తర్ పల్లెల్లో పొలానికైనా అడవికైనా వెళ్ళేవాళ్ళ భుజాన సొరకాయ బుర్ర వేలాడుతుంది. ఇక్కడి మాటలో తుంబా. అందులో మండియా పేజ్ ఉంటుంది, అంటే మన రాగి అంబలి. రాగిపిండిని రాత్రి నీళ్ళలో కలిపి ఉంచితే పొద్దుటికి కాస్త పులుస్తుంది. పొద్దున నూకలు ఉడికించి అందులో ఈ పిండి నీళ్ళు పోసి గరిటె ఆపకుండా కలుపుతూ కాచాలి. చల్లారాక ఆకు దొన్నెలో పోసుకుని తాగుతారు.

ఒత్తిడికీ దీనికీ ఏం సంబంధం అంటారా? సగం విసుగు ఆకలి నుంచే వస్తుంది. టీ బిస్కెట్లతో పదకొండింటి దాకా నెట్టుకొచ్చి, ఆ తర్వాత పిల్లల మీద అరుస్తాం. రాగి నెమ్మదిగా అరుగుతుంది కాబట్టి ఆకలి ఒక్కసారిగా మీద పడదు. నలుగురికి గుప్పెడు నూకలు, ఐదారు చెంచాల రాగిపిండి చాలు. నంజుకోవడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ.

6. గుండెల్లో మంటకు పాలగుండ.

మనసు కలత పడినప్పుడు కొందరికి మొదట తెలిసేది పొట్టకే. అలాంటివాళ్ళకు తిఖుర్ చల్లని తిండి. పసుపు జాతి మొక్క దుంపను తురిమి, నీళ్ళలో పదేపదే కడిగి, అడుగున పేరుకున్న తెల్లని పిండిని ఎండబెడతారు. చాలా శ్రమ ఉన్న పని, అందుకే కల్తీ కూడా ఎక్కువ. సంతలో తెచ్చి ముక్కలుగా అమ్మే ఆడవాళ్ళ దగ్గరే కొనండి. రెండు చెంచాల పిండి చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, గ్లాసున్నర మరిగే నీళ్ళలో పోసి, పారదర్శకంగా మారేదాకా తిప్పండి. బెల్లం, యాలక్కాయ వేసి చల్లార్చి తాగండి. మంట రెండు వారాలైనా తగ్గకపోతే అది ఒత్తిడి ఒక్కటే కాకపోవచ్చు, చూపించుకోండి.

7. సాయంత్రం నాలుగు తర్వాత టీ వద్దు. తాగిన టీలో చురుకు పుట్టించే పదార్థం సగానికి తగ్గడానికే ఐదారు గంటలు పడుతుంది. బదులుగా ధనియాలు, జీలకర్ర మరిగించిన నీళ్ళు.

8. పడుకునే ముందు గేదె పాలు.

నిద్ర పట్టనివాళ్ళకు గేదె పాలు మంచివని చరక సంహితలో ఉంది. ఓ చిన్న గ్లాసు పాలలో చెంచా సారపప్పు నూరి వేసి కాచి, గోరువెచ్చగా తాగండి. జాజికాయ అరగదీసి వేసేవాళ్ళు చిటికెడుకు మించనివ్వకండి. ఎక్కువైతే అది మత్తు, వాంతులు తెచ్చే వస్తువు. గర్భిణులకు జాజికాయ వద్దు. పాలు పడని ఒంటికి ఈ చిట్కాతో పనిలేదు, మొదటి చిట్కా చాలు.

9. ఇప్పసారా నిద్రమందు కాదు.

ఇప్పచెట్టు బస్తర్‌కు తల్లిలాంటిది. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారకముందే బుట్టలు పట్టుకుని పూలేరడానికి వెళ్ళే కుటుంబాలను చూశాను. ఆ పూల సారా ఇక్కడ దేవుడికి పెట్టేదీ, పెళ్ళిలో పంచేదీ. ఆ ఆచారాన్ని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. చరకుడు కూడా నిద్ర రప్పించేవాటిలో మద్యాన్ని చేర్చాడు, ఆ సంగతి దాచను. కానీ అదే జాబితాలో నూనె మర్దన, స్నానం, పాలు, నెయ్యి, మెత్తని పక్క, మంచి వాసనలు, ఇంపైన శబ్దాలు, ఒళ్ళు పిసకడం కూడా ఉన్నాయి. మనవాళ్ళు అన్నీ వదిలి ఒక్కదాన్నే పట్టుకున్నారు. సారాతో త్వరగా నిద్ర పడుతుంది నిజమే, రెండో ఝాముకు మెలకువ వస్తుంది, గుండె దడదడమంటుంది, మర్నాడు విసుగు రెట్టింపు. రోజూ తాగే అలవాటు ముదిరినవాళ్ళు ఉన్నట్టుండి మానేసినా ప్రమాదమే. ఫిట్స్ రావచ్చు. డాక్టరు సాయంతో మానాలి.

10. కన్నీళ్ళు ఆపుకోకండి.

నాకు ఆయుర్వేదం మీద గౌరవం పెరిగింది మందుల వల్ల కాదు, ఈ ఒక్క మాట వల్ల. బలవంతాన ఆపకూడని వేగాలు పదమూడని చరకుడు లెక్కవేశాడు. మూత్రం, ఆకలి, దాహం, నిద్ర, తుమ్ము, ఆవలింతల వరసలోనే కన్నీళ్ళను కూడా పెట్టాడు. ఏడుపు బలహీనత అనలేదు, ఒంటికి అవసరం అన్నాడు. ఆపుకోవలసినవి వేరే చెప్పాడు. లోభం, భయం, కోపం, అసూయ.

మన ఇళ్ళల్లో దీన్ని తిరగేశాం. మగపిల్లాడు ఏడిస్తే ఊరుకోమంటాం, తండ్రి కోపాన్ని మాత్రం అందరం భరిస్తాం. ఊరికి దూరంగా ఉన్న కాపురాల్లో ఆడవాళ్ళు వంటింట్లో మిక్సీ చప్పుడు మాటున ఏడుస్తారు. ఇంట్లో ఎవరైనా ఏడుస్తుంటే కారణం అడగకుండా పక్కన కూర్చోండి. మంచినీళ్ళివ్వండి. సలహా మర్నాడు ఇవ్వొచ్చు.

11. పొట్ట శుభ్రంగా ఉంచుకోండి. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ ఎండబెట్టి గింజలు తీసి సమానంగా దంచితే త్రిఫల చూర్ణం. మూడూ బస్తర్ అడవి సరుకే. రాత్రి అర చెంచా గోరువెచ్చని నీళ్ళతో. విరేచనాలు అవుతున్నవాళ్ళకు, గర్భిణులకు వద్దు.

12. బుద్ధికి మేలు చేసే నాలుగింటిలో ఇంట్లో వాడదగ్గది ఒకటే.

చరకుడు మేధ్య రసాయనాలని నాలుగు చెప్పాడు. మండూకపర్ణి, అతిమధురం, తిప్పతీగ, శంఖపుష్పి. మండూకపర్ణి అంటే మన సరస్వతి ఆకు, తేమ నేలల్లో పాకుతుంది. వారానికి రెండుసార్లు గుప్పెడు ఆకు నూనెలో మగ్గించి, చింతపండు, ఎండుమిరపకాయలు, మినప్పప్పు పోపుతో పచ్చడి చేసుకోండి. తిండిగా తింటే చాలు, మాత్రలుగా మింగక్కరలేదు. లివరు జబ్బున్నవాళ్ళూ గర్భిణులూ అడిగి తినండి.

మిగతా మూడింటి సంగతి అంత సులువు కాదు. అతిమధురం రోజూ వాడితే బీపీ పెరుగుతుంది. తిప్పతీగ కషాయం నెలల తరబడి తాగి లివరు దెబ్బతిన్నవాళ్ళున్నారు. శంఖపుష్పి పేరుతో ఒక్కో ప్రాంతంలో ఒక్కో మొక్క అమ్ముతారు. నీలి శంఖుపువ్వునూ విష్ణుక్రాంతనూ కూడా అదే పేరుతో ఇస్తారు. పెన్నేరుగడ్డ, అదే అశ్వగంధ, మంచిదే కానీ థైరాయిడ్ మందులో నిద్రమాత్రలో వాడేవాళ్ళు వైద్యుణ్ణి అడగకుండా ముట్టుకోవద్దు. గర్భిణులకు అసలే వద్దు.

13. పాతాళగంధి జోలికి సొంతంగా వెళ్ళకండి.

సర్పగంధ అనే ఈ మొక్క ఇక్కడి అడవుల్లో ఉంది. వేరు నిద్ర తెప్పిస్తుందని, పిచ్చి కుదురుస్తుందని అందరికీ తెలుసు. ఇది నిజంగా బలమైన మందు. బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ దీన్ని బీపీ రోగులకు వాడిన ఫలితాలను 1949లో బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రకటించాడు. 1952లో స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞులు ఈ వేరు నుంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. బీపీని అది దించుతుంది. దాంతోపాటు కొందరిని లోతైన దిగులులోకి కూడా దించుతుంది. దిగులు పోవాలని తాగిన వేరే దిగులు పెంచితే ఎవరికి చెప్పుకోవాలి? ఇక్కడి నాటు వైద్యులైన గునియాలకు మొక్కల పరిచయం తరతరాలది, వాళ్ళ మీద నాకు గౌరవముంది. అయినా ఈ వేరు ఎవరిచ్చినా, బీపీ చూడకుండా, మీరు వాడే మందులేమిటో అడగకుండా ఇస్తే తీసుకోకండి.

14. సాయంత్రం ఐదు నిమిషాలు భ్రామరి.

చెవులు మూసుకుని, పెదాలు కలిపి, ఊపిరి వదిలేటప్పుడు తుమ్మెదలా ఝుంకారం చేయండి. పదిసార్లు చాలు. ఇది యోగులది, అయినా ఇంపైన శబ్దం నిద్రకు సాయమని చరకుడు అన్నది గుర్తుంది కదా. నారాయణ్‌పూర్ వైపు వెదురు వేణువు ఒకటి చేస్తారు, నోటితో ఊదక్కరలేదు, చేత్తో గాలిలో ఊపితే మోగుతుంది. పిల్లల కోసం కొన్న ఆ వేణువును మా ఇంట్లో పెద్దవాళ్ళే ఎక్కువ ఊపుతారు. మంచి వాసన కోసం గుగ్గిలం పొగ వేసేవాళ్ళు కిటికీలు తెరిచి వేయండి. ఉబ్బసం ఉన్న ఇంట్లో వేయకండి.

15. నూనెతో పోని దుఃఖాన్ని నూనెతో సరిపెట్టకండి.

బస్తర్‌లో పని ఒత్తిడి ఒక్కటే లేదు. 2005 తర్వాత మావోయిస్టులకూ ప్రభుత్వ బలగాలకూ మధ్య పోరు తెచ్చిన అలజడికి ఊళ్ళు విడిచి, గోదావరి దాటి ములుగు, భద్రాద్రి కొత్తగూడెం అడవుల్లో గుడిసెలు వేసుకున్న కుటుంబాలెన్నో. కళ్ళముందు మనిషిని పోగొట్టుకున్నవాళ్ళున్నారు. డ్యూటీకి వెళ్ళిన కొడుకు తిరిగొచ్చేదాకా గుమ్మంలోనే కూర్చునే తల్లులున్నారు. వాళ్ళకు పాదాల నూనె ఒక రాత్రి ఊరట ఇవ్వొచ్చు, అంతకుమించి ఇవ్వలేదు.

రెండు వారాలు దాటి నిద్ర, ఆకలి పోయినా, ఏ పనిలోనూ మనసు నిలవకపోయినా, ఉన్నట్టుండి భయం కమ్మి ఊపిరాడనట్టు ఉన్నా, చచ్చిపోవాలనే మాట వచ్చినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. దంతేవాడ, బీజాపూర్, సుక్మా జిల్లా ఆస్పత్రులున్నాయి, జగదల్‌పూర్‌లో మెడికల్ కాలేజీ ఉంది. చచ్చిపోవాలన్నవాళ్ళను ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బా తీసి పక్కింట్లో పెట్టండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416. డబ్బు పడదు, తెలుగులో మాట్లాడొచ్చు, రాత్రి రెండింటికి చేసినా ఎత్తుతారు. మా వంటింటి తలుపు వెనక, గ్యాస్ నంబరు పక్కన, ఈ ఐదంకెలు పెద్దగా రాసి అంటించాను.